గుఱ్ఱపు ఉబ్బసమునకు తుంపర మందు

గుఱ్ఱములను పెంచువారు నేడు మన రాష్ట్రములో కొద్దిమంది మాత్రమే మిగిలియున్నారు. జట్కాబండ్లు ఆటోలకు దారి ఇచ్చి తప్పుకొన్నవి. దేశము మొత్తముమీద 2012 పశుగణనలో 6 లక్షలకు పైబడియున్న గుఱ్ఱములు, తట్టుగుఱ్ఱములు 2019 పశుగణన నాటికి సుమారు 3 లక్షల 40 వేలకు దిగిపోయినవి. అయినను అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యములో, సరియైన రోడ్డు లేని కొండ గ్రామములకు సంత సరకును చేర్చుటకు నేటికిని తట్టుగుఱ్ఱమునే నమ్ముకొన్నవారు కలరు. పట్టణములలో పెండ్లి ఊరేగింపుల గుఱ్ఱము మీద, సముద్రతీరమున పిల్లలను ఎక్కించుకొని త్రిప్పు గుఱ్ఱము మీద ఆధారపడి బ్రతుకు కుటుంబములును కలవు. ఇట్టివారికి సామాన్యముగా ఉండునది ఒక్క గుఱ్ఱమే. దానికి ఆయాసము పట్టుకొన్నచో ఇంటి సంపాదన ఆగిపోవును. అప్పుడు చేయుచున్నదేమనగా, దగ్గుచున్న గుఱ్ఱముచేతనే కొంతకాలము పని చేయించి, ఎవరో చెప్పిన కషాయమును గొట్టముతో పోసి, తుదకు అయినకాడికి అమ్మివేయుదురు. కొన్నవాడును అదే పని చేయును.

ఈ మధ్య కొందరు ఒక ప్రశ్న అడుగుచున్నారు. ఆసుపత్రులలో ఉబ్బసపు రోగులకు ముక్కుపై తొడుగు పెట్టి మందును మంచువలె పీల్పించుచున్నారు గదా, అది గుఱ్ఱమునకు పనికిరాదా అని. పనికివచ్చును. ఆ యంత్రమును నెబ్యులైజరు అందురు. గుఱ్ఱముల మూతికి సరిపోవునట్లు తయారుచేసిన నెబ్యులైజరులు కూడ ఇప్పుడు వచ్చియున్నవి. అయితే డబ్బు పెట్టి యంత్రము కొనుటకు ముందు తెలిసికొనవలసిన విషయములు కొన్ని కలవు. ఈ వ్యాసము వ్రాయుచున్న నేను వ్యవసాయాధికారిని. ఏ మందు ఎంత అన్నది పశువైద్యుడే నిర్ణయింపవలెను. మేత, గడ్డివామి, సాల, వీనిని గురించి మాత్రము నేను మీతో ధైర్యముగా మాట్లాడగలను. ఈ జబ్బులో పెద్దభాగము అక్కడనే ఉన్నది.

జబ్బు ఎట్లు వచ్చును

ఉబ్బసము మనుష్యులకు వలెనే గుఱ్ఱములకును వచ్చును. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1698లో సర్ జాన్ ఫ్లోయర్ అను ఇంగ్లీషు వైద్యుడు ఉబ్బసముపై ఒక గ్రంథము ప్రకటించుచు, ఎగరొప్పుతో బాధపడిన ఒక ఆడగుఱ్ఱపు కళేబరమును కోసి చూచి దాని ఊపిరితిత్తులను వర్ణించినాడు. ఆయన కూడ ఉబ్బసపు రోగియే. ఆ తరువాత ఈ జబ్బుకు ఎన్నో పేర్లు పెట్టిరి. 2016లో అమెరికా పశువైద్య నిపుణులు వెలువరించిన నివేదిక తరువాత ‘గుఱ్ఱపు ఉబ్బసము’ అను పేరు వాడుకలో స్థిరపడినది.

గుఱ్ఱము విశ్రాంతిగా నిలిచియున్నప్పుడు ఒక్కొక్క ఊపిరికి సుమారు 5 లీటర్ల గాలిని లోనికి తీసికొనును. మనిషి తీసికొనునది అర లీటరు. బూజుపట్టిన గడ్డిలోని శిలీంధ్రబీజములు, గడ్డి నలిగిన సన్నని ధూళి, పురుగుల విసర్జన, ఇవన్నియు ఆ గాలితోపాటు లోనికి పోవును. వీనిలో పెద్ద కణములు ముక్కులోనే చిక్కుకొనిపోవును. 5 మైక్రాన్లకంటె చిన్నవి మాత్రము ఊపిరితిత్తుల అడుగువరకు చేరును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మనిషి వెంట్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. కావున గుఱ్ఱమును చెఱచు దుమ్ము కంటికి కనబడు దుమ్ము కాదు. ఎండ పడినప్పుడు గాలిలో తేలియాడుచు మెరయు ధూళిని చూచి మనము భయపడుదుము. అంతకంటె సన్ననిదే అసలు ప్రమాదము.

ఇట్టి ధూళికి తాళలేని గుఱ్ఱములో శ్వాసనాళములు వాచును. వాని చుట్టునున్న కండరము బిగుసుకొనును. లోపల జిగట చేరును. దారి ఇరుకైనప్పుడు గాలి లోనికి పోవుటకంటె బయటకు వచ్చుట కష్టము. అందువలన గుఱ్ఱము పొట్ట కండరములను బిగించి గాలిని నెట్టవలసివచ్చును. ఇట్లు నెలలు గడచినచో డొక్క వెంబడి, ప్రక్కటెముకల చివరన ఒక గాడి ఏర్పడును. పాత గుఱ్ఱపు బేరగాండ్రు ఈ గాడిని చూచియే ధర తగ్గింతురు.

తీవ్రమైన ఉబ్బసము సాధారణముగా ఏడేండ్లు దాటిన గుఱ్ఱములలో కనబడును. చిన్న వయస్సు గుఱ్ఱములలో ఇది తేలికగా ఉండి, మేత వేళ నాలుగు దగ్గులు, పనిలో త్వరగా అలసిపోవుట తప్ప వేరు గుర్తు ఉండకపోవచ్చును. తల్లికో తండ్రికో ఈ జబ్బు ఉన్న పిల్లలకు వచ్చు అవకాశము ఎక్కువ అని స్విట్జర్లాండులో గుఱ్ఱపు కుటుంబములను పరిశీలించిన వారు తేల్చిరి.

మీ గుఱ్ఱము ఊపిరిని లెక్కించుట నేర్చుకొనండి. తెల్లవారుజామున, అది నెమ్మదిగా నిలిచియున్నప్పుడు, డొక్క ఎగసిపడుటను గడియారము పట్టుకొని నిండు నిమిషము చూడవలెను. ఆరోగ్యముగా ఉన్న గుఱ్ఱము నిమిషమునకు 8 మొదలు 16 సార్లు ఊపిరి తీయును. 20 దాటినచో అనుమానింపవలెను. మన ఎండలలో మధ్యాహ్నము లెక్కించిన అంకె నమ్మదగినది కాదు, వేడికే ఊపిరి హెచ్చును. ముక్కుపుటములు విచ్చుకొని ఊపిరి 30 దాటియున్నను, చిగుళ్ళు నీలిరంగుకు తిరిగినను ఇక ఆలోచింపక 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనమును పిలువవలెను.

దగ్గు అంతయు ఉబ్బసము కాదు

ఈ భాగమును గ్రామాధికారులు ప్రత్యేకముగా గమనింపవలెనని కోరుచున్నాను.

ఉబ్బసములో జ్వరము ఉండదు. గుఱ్ఱపు సహజమైన వేడిమి 99 మొదలు 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉండును. అంతకు మించినను, మేత మానినను, ఇరుగుపొరుగు గుఱ్ఱములు కూడ దగ్గుచున్నను అది అంటువ్యాధియై ఉండవచ్చును. 2008లో జమ్ము ప్రాంతమున కట్రాలో బయలుదేరిన గుఱ్ఱపు ఇన్‌ఫ్లుయెంజా తరువాత ఎన్నో రాష్ట్రములకు ప్రాకినది. దవడ క్రింద గడ్డలు లేచి పగులు స్ట్రాంగిల్స్ అను వ్యాధి కూడ దగ్గుతోనే మొదలుకావచ్చును.

వీనియన్నిటికంటె భయంకరమైనది గ్లాండర్స్. ముక్కునుండి చిక్కని, జిగురైన చీమిడి, ఒక్కొక్కప్పుడు రక్తపు జీరతో కారును. ముక్కు లోపలి పొరపై పుండ్లు పడును. కాళ్ళ వెంబడి, డొక్కల వెంబడి గడ్డలు వరుసగా లేచి పగులును. ఇది మనుష్యులకును అంటుకొను వ్యాధి, ప్రాణాపాయము కలది. ఇట్టి గుఱ్ఱము మూతికి నెబ్యులైజరు తగిలించినచో అది దగ్గినప్పుడెల్ల పట్టుకొని నిలుచున్నవాని ముఖముమీద రోగక్రిములు పడును. కావున ముక్కునుండి చిక్కని చీమిడి కారుచున్న గుఱ్ఱమునకు పశువైద్యుడు చూడకముందు ఎవరును తుంపర మందు పట్టకూడదు.

2009లో పార్లమెంటు చేసిన పశు అంటువ్యాధుల నివారణ చట్టపు పట్టికలో గ్లాండర్స్ కలదు. ఆ చట్టము ప్రకారము, అనుమానము కలిగిన వెంటనే యజమాని గ్రామాధికారికిగాని పంచాయతీకిగాని తెలుపవలెను. వారు దగ్గరలోని పశువైద్యునికి వ్రాతమూలముగా తెలియజేయవలెను. రక్తపు నమూనా హర్యానాలోని హిస్సార్‌లోనున్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రమునకు పోవును. రోగము నిర్ధారణ అయిన జంతువునకు చికిత్స చేయరు, బాధ లేకుండ చంపివేయుదురు. యజమానికి పరిహారము ఇచ్చు ఏర్పాటు కలదు. పరిహారము సంగతి తెలియకనే చాలమంది దాచిపెట్టుదురు. అది మీరు ముందుగా వారికి చెప్పినచో సగము పని అయినట్లే.

మరియొక చిన్న విషయము. గాడిదలతో కలిసి ఒకే బీడులో మేయు గుఱ్ఱములకు ఊపిరితిత్తులలో పురుగులు చేరి, మానని దగ్గు రావచ్చును. గాడిదలో ఆ పురుగులున్నను అది దగ్గదు, గుఱ్ఱము దగ్గును. దీనికి పురుగుల మందు వేయవలెనే కాని తుంపర మందుతో పని లేదు.

యంత్రము

నెబ్యులైజరు చేయు పని ఒక్కటే. ద్రవరూపములోనున్న మందును 5 మైక్రాన్లకంటె చిన్న బిందువులుగా విడగొట్టుట. దుమ్ము ఏ కొలతలో ఉన్నచో ఊపిరితిత్తుల అడుగుకు పోవునో, మందు కూడ ఆ కొలతలో ఉన్నప్పుడే అక్కడకు పోవును. చేటు చేయునదియు, మేలు చేయునదియు ఒకే దారిన పోవుచున్నవి. ఈ సంగతి గుర్తుంచుకొన్నచో మిగిలినదంతయు సులభముగా బోధపడును.

యంత్రములు మూడు రకములు. మొదటిది గాలిపంపుతో మందును చిమ్మునది. మన మందుల దుకాణములలో మనుష్యులకొరకు అమ్మునవి ఎక్కువగా ఇవే. చవుక, గట్టివి, కాని గరగరమని చప్పుడు చేయును, కరెంటు తీగ కావలెను. రెండవది శబ్దతరంగములతో ద్రవమును కదలించునది. చప్పుడు లేదు, కాని మందును వేడెక్కించును, కొన్ని మందులకు అది సరిపడదు. మూడవది సన్నని రంధ్రములుగల లోహపు రేకు అదరుచు మందును జల్లించునది. బ్యాటరీతో నడచును, చప్పుడు చేయదు, మందు వ్యర్థము కాదు. గుఱ్ఱములకు ప్రత్యేకించి చేసిన మంచి యంత్రములు ఈ మూడవ రకమువి. ఖరీదు ఎక్కువ.

మనుష్యుల యంత్రమునే గుఱ్ఱమునకు వాడరాదా? వాడవచ్చును కాని ఫలితము తక్కువ. పెద్ద గుఱ్ఱము నిమిషమునకు సుమారు 60 లీటర్ల గాలి పీల్చును. చిన్న యంత్రము విడుచు మంచు ఆ గాలిలో పలుచబడిపోవును. తొడుగు మూతికి సరిగా అంటకున్నచో సగము మందు ప్రక్కలనుండి పోవును. బకెట్టు అడుగు కోసియో, ప్లాస్టిక్ డబ్బాకు గుడ్డ చుట్టియో ఇంటి తొడుగులు చేయువారు ఒక విషయము మరువరాదు. గుఱ్ఱము మనవలె నోటితో ఊపిరి తీయలేదు. దానికి ముక్కుపుటములు రెండే దారి. తొడుగునకు గాలి లోనికి వచ్చు రంధ్రము, విడిచిన గాలి బయటకు పోవు రంధ్రము చాలినంత లేకున్నచో దానికి ఊపిరాడదు. బెదరిన గుఱ్ఱము తల విదిలించి, పట్టుకొన్నవానిని కూడ పడగొట్టును.

మందులు

ఉబ్బసములో తుంపరగా ఇచ్చు ముఖ్యమైన మందులు రెండు తెగలు. వీని భేదము తెలియక చాలమంది మోసపోవుదురు.

మొదటి తెగ, బిగిసిన నాళములను వదులుచేయునవి. సాల్బుటమాల్ ఇందు ముఖ్యమైనది. ఇచ్చిన కొద్ది నిమిషములలోనే గుఱ్ఱపు డొక్కలు నెమ్మదించును. చూచువారికి జబ్బు పోయినట్లే కనబడును. కాని దాని గుణము గుఱ్ఱములో ఇంచుమించు గంటసేపు మాత్రమే. ఇప్రాట్రోపియం అనునది కొంచెము ఆలస్యముగా పట్టి, నాలుగు మొదలు ఆరు గంటలవరకు నిలుచును. ఈ మందులు వాపును తగ్గింపవు. దుమ్ముగల సాలలో ఇవి ఒక్కటే ఇచ్చినచో, తెరచుకొన్న దారిన దుమ్ము ఇంకను లోతుకు పోవును. పైకి బాగున్న గుఱ్ఱము లోపల చెడుచుండును. అది చూచి యజమాని మరల బరువు వేయును.

రెండవ తెగ, వాపును తగ్గించు స్టెరాయిడ్లు. బుడెసొనైడ్, ఫ్లుటికసోన్, బెక్లోమెథసోన్ మొదలగునవి. ఇవి గంటలలో కాదు, దినములమీద పని చేయును. ఐరోపాలో 2020లో సిక్లెసోనైడ్ అను స్టెరాయిడ్‌కు గుఱ్ఱపు ఉబ్బసమునకే ప్రత్యేకించి అనుమతి ఇచ్చినారు. అది నెబ్యులైజరు కాదు, ఎడమ ముక్కుపుటములో అమర్చు చేతి పరికరము. దాని క్రమము చూడండి. మొదటి 5 దినములు పూటకు 8 చొప్పున రెండు పూటలు, తరువాతి 5 దినములు దినమునకొక్కసారి 12 విడుపులు. మొత్తము 10 దినములు. రెండు దినములు పట్టి గుణము లేదని మానివేయువారు ఈ లెక్కను గమనింపవలెను.

స్టెరాయిడ్‌ను సూదిద్వారా గాని నోటిద్వారా గాని ఇచ్చుట పాత పద్ధతి. తీవ్రముగా ఉన్నప్పుడు నేటికిని వైద్యులు అదే చేయుదురు, అది త్వరగా పట్టును. కాని శరీరమంతటికి పోవుటచే హెచ్చు దినములు వాడినచో కొన్ని గుఱ్ఱములకు డెక్కల లోపల వాపు వచ్చి కుంటుపడును. తుంపరగా ఇచ్చుటలోని లాభమంతయు ఇక్కడ ఉన్నది. కొద్ది మందు, చేరవలసిన చోటికే చేరును. వైద్యులు తరచుగా ముందు సాల్బుటమాల్ పట్టి, దారి తెరచుకొన్న తరువాత స్టెరాయిడ్ పట్టుదురు.

యంత్రములో పోయకూడనివి

తుంపర యంత్రము ఇంటికి వచ్చిన తరువాత ఏదైనను పోసి చూడవలెనని బుద్ధి పుట్టును. అందుచే దీనిని కొంచెము గట్టిగా చెప్పుచున్నాను.

నీలగిరి తైలము, కర్పూరము కరగించిన నూనె, ఆవనూనె, ఏ నూనె అయినను సరే, యంత్రములో పోయరాదు. నూనె బిందువులు ఊపిరితిత్తులలో పేరుకొని మరియొక రకము న్యుమోనియా తెచ్చును. కుళాయి నీళ్ళు, బావి నీళ్ళు పోయరాదు. ఉప్పు లేని వట్టి నీరు శ్వాసనాళములను రేపి దగ్గును హెచ్చించును. ఇంట ఉప్పు కలిపిన నీరు శుభ్రమైనది కాదు. మందు పలుచన చేయుటకు నూటికి 0.9 పాళ్ళు ఉప్పుగల, దుకాణములో అమ్ము శుద్ధమైన సెలైను మాత్రమే వాడవలెను. మూత తీసిన సీసాను మరునాటికి దాచరాదు.

సూదిమందులను కూడ వైద్యుడు చెప్పనిదే పోయరాదు. వానిలో మందు చెడకుండ కలుపు పదార్థములు ఊపిరితిత్తులకు సరిపడకపోవచ్చును. పైగా ఇచ్చినంత మాత్రమున గుణము వచ్చునని లేదు. కెనడాలో తీవ్రమైన ఉబ్బసముగల గుఱ్ఱములకు డెక్సామెథసోన్‌ను తుంపరగా ఇచ్చి చూచిన పరిశోధకులు 2019లో ప్రకటించినదేమనగా, నోటిద్వారా ఇచ్చినప్పుడు కలిగినంత మేలు అందువలన కలుగలేదు. ఆంటిబయాటిక్ మందులు ఉబ్బసమునకు పని చేయవు.

గొట్టముతోనో సీసాతోనో కషాయము పోయు అలవాటును కూడ ఇక్కడే ప్రస్తావింపవలెను. ఆయాసపడుచున్న గుఱ్ఱము తలను పైకెత్తి పట్టి ద్రవము పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోవుట సులభము. ఉబ్బసముతో చావని గుఱ్ఱము దానితో చచ్చును.

పట్టు విధము

మొదటి రెండుమూడు దినములు మందు లేకుండ తొడుగు మాత్రము చూపి, వాసన చూడనిచ్చి, ఒక బెల్లపు ముక్క పెట్టవలెను. తరువాత క్షణముసేపు తొడిగి తీయవలెను. చప్పుడు చేయు యంత్రమైనచో దూరమున నడిపించి, దినదినము దగ్గరకు తేవలెను. తొందరపడి మొదటి దినమే కట్టివేసి పట్టినచో ఆ గుఱ్ఱము మరల దగ్గరకు రానీయదు.

పట్టునప్పుడు సాల బయట, గాలి ఆడు నీడపట్టున నిలుపవలెను. మీరు గాలికి ఎదురుప్రక్క నిలువవలెను. తొడుగు ప్రక్కలనుండి వచ్చు సాల్బుటమాల్ మంచును పీల్చినచో మీకును గుండెదడ వచ్చును. గర్భిణీ స్త్రీలు, గుండెజబ్బుగలవారు ఈ పని చేయకుండుట మంచిది. మందు అయిపోవుటకు సాధారణముగా 10 మొదలు 20 నిమిషములు పట్టును. గుఱ్ఱమునకు చెమట పోసినను, ఒడలు వణకినను ఆపి వైద్యునికి చెప్పవలెను.

అయిన వెంటనే మందుగిన్నెను, తొడుగును కాచి చల్లార్చిన నీటితో కడిగి, దుమ్ము లేని చోట ఆరబెట్టవలెను. లోహపు రేకును వ్రేలితో గాని బ్రష్షుతో గాని తాకరాదు. తడిగా మూసిపెట్టిన గిన్నెలో సూక్ష్మక్రిములు పెరుగును. మరునాడు వానిని మీరే తిన్నగా ఊపిరితిత్తులలోనికి పంపుచున్నారన్నమాట.

గడ్డివామి దగ్గరకు

ఇప్పుడు మన పని. తీవ్రమైన ఉబ్బసముగల గుఱ్ఱమును దుమ్ములేని చోట పచ్చికపై ఉంచినచో, మందు లేకుండగనే చాలవరకు కోలుకొనుట పరిశోధకులు పదేపదే చూచినారు. కొన్ని దినములు మొదలు కొన్ని వారములు పట్టును. అట్లు కోలుకొన్న గుఱ్ఱమునకు బూజుగడ్డి పెట్టినచో గంటలలోనో, రెండుమూడు దినములలోనో జబ్బు తిరగబెట్టును. ఈ తాళలేనితనము జీవితాంతము పోదు. యంత్రము కొనగల యజమానికి కూడ మేత మార్చక గత్యంతరము లేదు.

మన ప్రాంతమున ముఖ్యమైన శత్రువు వరిగడ్డి. గడ్డి తప్పు కాదు, వామి తప్పు. కోతలనాడు వాన తగిలిన గడ్డిని సరిగా ఆరకముందే వామి వేయుదుము. తేమ 20 శాతము దాటిన గడ్డి వామి నడుమ వేడెక్కును. చేయి దూర్చినచో ఆవిరివలె తగులును. ఆ వేడిలోనే ఆస్పెర్జిల్లస్ వంటి బూజులు విజృంభించును. వేడి చల్లారిన తరువాత పైకి గడ్డి బంగారువలెనే ఉండును, లోపల దులిపినచో పొగవలె లేచును. తుపాను ఏళ్ళలో కోస్తా జిల్లాల గడ్డి అంతయు ఇట్లే ఉండును.  గుఱ్ఱము దానికి తాళలేదు. కావున గుఱ్ఱమునకు వేరుగా, ఎండిన దినములలో వేసిన చిన్న వామి ఒకటి ప్రత్యేకింపవలెను. దులిపినప్పుడు మీకు తుమ్ము వచ్చు గడ్డిని దానికి పెట్టకూడదు.

మంచి గడ్డినైనను తడిపి పెట్టవలెను. పైన నాలుగు చెంబులు చల్లుట తడుపుట కాదు. తొట్టిలో పూర్తిగా మునుగునట్లు 10 మొదలు 30 నిమిషములు నానవేసి, నీరు వార్చి, తడిగానే పెట్టవలెను. ఆరిన తరువాత దుమ్ము మరల లేచును. రాత్రి అంతయు నానవేయుట మన వేడిలో పనికిరాదు, గడ్డి పులిసి సూక్ష్మక్రిములు పెరుగును, సారమును నీటిలోనికి దిగిపోవును. తినగా మిగిలినది తీసివేసి, తొట్టి నీటిని ప్రతిసారి పారబోయవలెను.

పచ్చిగడ్డి దొరకు కాలమున దానిని మించినది లేదు. ఉలవల విషయమున మన పెద్దల పద్ధతియే మేలైనది. ఉడికించిన గుగ్గిళ్ళలో దుమ్ము ఉండదు. పొడి ఉలవపొట్టు, పొడి తవుడు తొట్టిలో పోసినచో గుఱ్ఱము ముక్కును అందులోనే ముంచి ఊపిరి తీయును. తవుడు పెట్టక తప్పనప్పుడు ముద్దగా తడిపి పెట్టవలెను. మేతను ఎత్తున వలలో వ్రేలాడగట్టుట కొందరికి అలవాటు. అప్పుడు గుఱ్ఱము ప్రతి లాగుకు ముఖముమీద దుమ్ము రాల్చుకొనును. క్రింద వెడల్పాటి తొట్టిలో పెట్టినచో తల వంచి తినును, ముక్కులోని జిగట కూడ జారిపోవును. ఇసుక నేలమీద తిన్నగా వేయరాదు, ఇసుక కడుపులో చేరి శూల వచ్చును.

సాలపై అటకమీద గడ్డి దాచుట, ఊకను పరుపుగా పోయుట, గుఱ్ఱము లోపల ఉండగానే చీపురుతో ఊడ్చుట, దోమలకని సాయంత్రము పిడకల పొగ వేయుట, ఈ నాలుగును మానవలెను. మూత్రము నిలిచి ఘాటు వాసన వచ్చు సాల కూడ ఊపిరితిత్తులను రేపును. కళ్ళము దగ్గర, రైసుమిల్లు వెనుక, ఇటుకబట్టీ గాలి వచ్చు వైపున కట్టివేయరాదు. పెండ్లి గుఱ్ఱమును బాణసంచా పొగలో గంటలకొలది నిలుపు యజమానులు, మరునాటి దగ్గుకు గాలి మారినదని చెప్పుచుందురు. దగ్గు గాలి మార్పువలన కాదు, పొగవలన వచ్చినది.

ఆయాసము ఉన్నన్ని దినములు బరువు, పరుగు రెండును నిలిపివేయవలెను. పందెములకు పంపు గుఱ్ఱముల యజమానులు మరియొకటి గమనింపవలెను. సాల్బుటమాల్, స్టెరాయిడ్లు పందెపు నిబంధనలలో నియంత్రింపబడిన మందులు. తుంపరగా ఇచ్చినను పరీక్షలో బయటపడును, పందెమునకు ఎన్ని దినముల ముందు ఆపవలెనో వైద్యునిచేత వ్రాయించుకొనవలెను.

చికిత్స మొదలుపెట్టిన దినమునుండి ఒక చిన్న పుస్తకము పెట్టండి. ప్రతి తెల్లవారుజామున ఊపిరి లెక్క, మేత వేళ ఎన్నిసార్లు దగ్గినది, పట్టిన మందు, దానితోపాటు ఆ దినము ఏ వామి గడ్డి పెట్టినది కూడ వ్రాయవలెను. దగ్గు హెచ్చిన దినమునకు వెనుక రెండుమూడు దినముల మేతను ఆ పుస్తకములో చూచినచో, ఏ వామిలో బూజు ఉన్నదో తెలిసిపోవును. ఆ వామి గడ్డిని పెట్టుట మాని, పుస్తకమును పదవ దినమున పశువైద్యునికి చూపవలెను.